ఐదు నక్షత్రాల మిద్దె

ఈ జ్ఞాపకం ముగిసేలోపల ఒక ఆడమనిషి కరిగిపోతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకండి. ఆమెను కరిగించింది వాన అని మా అమ్మ అంటుంది. మేస్త్రీ అని మా వీధి అంటుంది. వాళ్ళవన్నీ పెద్ద మనసులు. ఆ ఘనకార్యం చేసింది నేను. మండు వేసవిలో ఫ్యాను కింద కూచుని, సెల్‌ఫోను చేతబట్టుకుని, నా సొంత తెలివితో చేశాను.

నా తెలివి గురించి కాస్త చెప్పాలి. అప్పట్లో సౌకార్‌పేటలో ఒక స్టీలు పాత్రల హోల్‌సేల్ దుకాణంలో ఆన్‌లైన్ ఆర్డర్లు చూసేవాణ్ణి. ఆర్డర్లు పలచబడిన రోజుల్లో మా సేఠ్ ఇంకో పని చెప్పేవాడు. మా గిన్నెల మీద మేమే రివ్యూలు రాయాలి. పొద్దున నేను కోయంబత్తూరు ఇల్లాలిని. మధ్యాహ్నం హోసూరు కొత్త పెళ్ళికొడుకుని. సాయంత్రం మదురైలో మెస్సు నడిపే పెద్దమనిషిని. "ఈ ఇడ్లీ కుండ కొన్నాక మా అత్తగారు నాతో మళ్ళీ మాట్లాడుతోంది" అని రాసింది నేనే. ఆ కుండ కొని కూడా అత్తగారు పలకని కోడళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అలా రాసీ రాసీ, దొంగ రివ్యూని పసిగట్టడంలో చెన్నపట్నం మొత్తమ్మీద నా అంతవాడు లేడని తేల్చేసుకున్నాను. పాము కాళ్ళు పాముకెరుక అంటారు కదా. ఈ పాముకి తన కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక ఇంటి సంగతి. వాషర్‌మెన్‌పేట్‌లో మా ముత్తాత కట్టిన మద్రాసు మిద్దె మాది. టేకు దూలాలు, వాటిమీద ఇటుకల పేర్పు, పైన సున్నం. మూడేళ్ళుగా హాల్లో తూర్పు మూల కారుతోంది. ఇల్లంతా వదిలేసి అది సరిగ్గా మా అమ్మ దసరాకి బొమ్మల కొలువు పెట్టే మూలలోనే కారాలా? కారింది.

మా కొలువంటే అల్లాటప్పా కొలువు కాదు. తొమ్మిది మెట్లు. మా అమ్మకి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన మట్టి బొమ్మలు, ఒక్కొక్కటీ అమ్మ కంటే పెద్దది వయసులో. వాటిలో అమ్మ ప్రాణమంతా చెట్టియారు దంపతుల మీద. బొజ్జ ముందుకేసుకుని కొట్టు నడిపే చెట్టియారు, పక్కన ముక్కుపుడకతో చెట్టియారమ్మ, వాళ్ళ ముందు చిన్న చిన్న గిన్నెల్లో పెసలు, కందులు, బెల్లం. అవి కాల్చని మట్టి బొమ్మలు. నీళ్ళు పడితే తిరిగి మట్టే. అందుకని కారడం మొదలయ్యాక అమ్మ కొలువుని లోపలి చిన్న గదిలోకి మార్చి మూడు మెట్లకి కుదించేసింది. మిగతా బొమ్మలు పెట్టెలో ఉండిపోయాయి.

"ఏమక్కా, ఈ ఏడు గూడా మూడు మెట్లేనా?" అని పెరంబూరు పిన్ని అడిగిన ప్రతిసారీ అమ్మ మొహం చూడలేకపోయేవాణ్ణి.

"పెట్లో బొమ్మలకి ఊపిరాడదు రా శీనా" అంది ఆ ఏప్రిల్‌లో. "ఈ దసరాకన్నా తొమ్మిది మెట్లు పెట్టాల. మిద్దె బాగుచేసే మేస్త్రీని చూడు."

"నువ్వు ఊరుకో, నేను చూస్తా."

"వీధిలో అడుగు రా. ఎవురి మిద్దె కారలేదో ఆళ్ళని అడిగితే సరిపోతాది."

"అమ్మా, ఏ కాలంలో ఉండావు నువ్వు? అంతా ఫోన్లో ఉండాది."

నాకు కుదురు తక్కువ. ఒక పని తలకెక్కిందంటే అన్నం ముందు కూడా కూచోలేను. రెండు వారాలు ఫోను వదల్లేదు. ఊళ్ళో ఉన్న మేస్త్రీలందరినీ జల్లెడ పట్టాను. ఒకడి రివ్యూలన్నీ ఒకే రోజు రాసినవి, నా కులవృత్తివాడే, అవతలికి పో. ఇంకొకడికి అందరూ "ఎక్సలెంట్ సర్వీస్" అని ఒకే మాట రాశారు, అవతలికి పో. చివరికి దొరికాడు ఏకాంబరం మేస్త్రీ.

అబ్బ, ఏం రివ్యూలండీ అవి! తమిళంలో కొన్ని, తెలుగులో కొన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో తమిళం కొన్ని. తప్పులతడకగా, ప్రేమగా, నిజం మనుషులు రాసినవి. "మా నాయినకి కాళ్ళనొప్పి అంటే తైలం తెచ్చిచ్చినాడు." "చెప్పులు బయటే విడిచి వస్తాడు." "మిగిలిన సిమెంటు మాకే ఇచ్చిపోయినాడు." ఒక్కటంటే ఒక్కటి దొంగది లేదు. దాదాపు అందరూ ఐదు నక్షత్రాలే ఇచ్చారు.

దాదాపు అని ఎందుకన్నానంటే, అడుగున ఒకటుంది. ఒకే నక్షత్రం. పేరు లేదు, ఫోటో లేదు. రాసింది మూడు మాటలు.

"వాన రానీ, మాట్లాడదాం."

ఫక్కున నవ్వాను. పోటీ మేస్త్రీ ఏడుపు! ఇట్లాంటివి నేనే ఎన్ని రాశాను పక్క దుకాణం గిన్నెల మీద! రెప్పపాటులో దాన్ని కొట్టిపారేశాను.

అయినా నేను ఊరికే నమ్మే రకమా? ఒక రివ్యూ ఫోటోలో వెనకాల కిరాణా కొట్టు బోర్డు కనిపించింది. ఎన్నూరు. మే నెల మిట్టమధ్యాహ్నం, లారీల మధ్య బండి మీద బూడిద మింగుతూ వెళ్ళి, ఆ కొట్టు పట్టుకుని, దాని పక్కింటి తలుపు తట్టాను. సామ్యేలన్న అని, థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఎదురుగా నిలబడ్డ నన్ను చూసి బెదిరిపోయాడు.

"అన్నా, ఏకాంబరం మేస్త్రీకి రివ్యూ రాసింది మీరేనా?"

"ఆమా, నేనే. ఏమైంది, ఆయనకేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. నిజంగా మీరే రాసినారా అని చూడను వచ్చినా."

"దీనికోసరం ఈ ఎండలో వచ్చినావా? లోపలికి రా తమ్ముడూ." మజ్జిగ ఇచ్చి, నా గడ్డం పట్టుకుని పైకెత్తి చూపించాడు. "చూడు. ముందు ఈడంతా చెమ్మ. పోయిన నెల ఆయన చెయ్యి పెట్టినాడు. ఇప్పుడు ఒక్క చుక్క లేదు!"

తెల్లగా మెరిసిపోతోంది కప్పు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు లేదు. నేను ఆ కప్పుకేసి చూసి, నిజమే, ఒక్క చుక్క లేదు అని తల ఊపాను. ఈ వాక్యం మళ్ళీ ఒకసారి చదవండి. చదివి నన్ను తిట్టుకోండి, ఆగుతాను.

ఏకాంబరం వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట విభూతి, చెప్పులు బయటే విడిచాడు. రివ్యూ నిజమైందని నేను పొంగిపోయాను. మిద్దెక్కి, కాలితో రెండుసార్లు తట్టి దిగివచ్చాడు.

"ఏమీ బయపడొద్దు సార్. ఏకాంబరం చెయ్యి పెట్టినాడంటే ఆడ వాన గూడా పర్మిషన్ అడిగి పడాల."

"మట్టి బొమ్మలు నాయినా, మా అవ్వకాలం నాటివి" అంది అమ్మ.

"అమ్మా, మీ బొమ్మలు నా బిడ్డలనుకోండి."

ఎనిమిది రోజులు పని చేశాడు. పాత సున్నం గీకాడు, ఏవో రెండు మందులు కలిపి పూశాడు, మీద తెల్ల పెంకులు పరిచాడు. అమ్మ పెట్టిన సద్దన్నం కళ్ళకద్దుకుని తిన్నాడు. ఆఖరి రోజు మిద్దె మీద కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ కొట్టి, మాకే జాంగ్రీలు పంచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మనసుకి తృప్తిగా ఉంటే రెండు మాటలు రాస్తే..."

రెండు మాటలా! నేనెవర్ని, ఇడ్లీ కుండతో అత్తగారిని మాట్లాడించినవాణ్ణి. జాంగ్రీ పాకం ఫోనుకంటుకుంటున్నా రాశాను. "ఏకాంబరం గారు మేస్త్రీ కాదు, మిద్దెల వైద్యుడు. మా ఇల్లు ఇకమీద ఓడ. కళ్ళు మూసుకుని పని అప్పగించవచ్చు." ఐదు నక్షత్రాలు. జీవితంలో నేను రాసిన మొదటి నిజాయితీగల రివ్యూ అది.

వేసవి దాటింది. దసరా దగ్గరపడే కొద్దీ నా ఒంట్లో ఏదో పురుగు తొలవడం మొదలైంది. ఎందుకో చెప్పలేను. దుకాణంలో కూచుంటే కాలు ఆడుతూనే ఉండేది. గంటకోసారి ఫోన్లో వాతావరణం చూసేవాణ్ణి. ఇంటికొస్తే తిన్నగా మిద్దెక్కి పెంకులు తట్టి దిగేవాణ్ణి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. "మెట్లరుగుతాయి రా" అని అమ్మ కసిరేది. జూలైలో, ఆగస్టులో నాలుగు జల్లులు పడ్డాయి కానీ, అవి పెంకుల మీద పడి ఆవిరైపోయే జల్లులు. మిద్దె వాటికేం కారుతుంది?

కొలువు ముందురోజు అమ్మ పెట్టె ముందు కూచుని చెట్టియారమ్మని ఒళ్ళో పెట్టుకుంది.

"నిజంగా ఆ మూల పెట్టొచ్చునా రా?"

ఫోను తీసి చూపించాను. "ఐదు నక్షత్రాలమ్మా! నేను చూసినా, ఎన్నూరు దాకా పోయి చూసినా!"

"మబ్బు పడితే నక్షత్రాలు కనపడవు కదరా" అంది అమ్మ. అని, నా మాట మీద తొమ్మిది మెట్లు కట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం పేరంటం. పిన్ని వచ్చి తొమ్మిది మెట్లూ పైనుంచి కిందిదాకా చూసి, నోరు మూసుకుని కూచుంది. అమ్మ మొహంలో మూడేళ్ళ తర్వాత ఆ వెలుగు చూశాను. ఏకాంబరాన్ని కూడా పిలిచింది. ఆయన పట్టుపంచెలో వచ్చి, మెట్ల పక్కనే కుర్చీలో కూచుని, సుండల్ గుగ్గిళ్ళు తింటూ పేరంటాళ్ళకి తన విజిటింగ్ కార్డులు పంచుతున్నాడు.

అప్పుడు పట్టుకుందండీ వాన. మద్రాసు వాన మీకు తెలుసు, ముందు కబురు పెట్టదు. నేను కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాను. పది నిమిషాలు. ఇరవై. కప్పు తెల్లగానే ఉంది. హమ్మయ్య అని కూచోబోయాను. టప్ మని ఒక చుక్క వచ్చి ఏకాంబరం సుండల్ గిన్నెలో పడింది.

ఆయన గిన్నెలోకి చూశాడు. నేను ఆయన మొహంలోకి చూశాను.

"ఏసీ నీళ్ళయ్యుంటాయి సార్" అన్నాడు.

"మాకు ఏసీ లేదు."

"అట్లయితే పక్కింటోళ్ళ ట్యాంకు."

"పక్కన ఖాళీ జాగా!"

రెండో చుక్క చెట్టియారమ్మ పాపిట్లో పడింది. మూడోది చుక్క కాదు, ధార. "బొమ్మలు!" అని అమ్మ అరిచిన అరుపుకి పిన్ని తాంబూలం పళ్ళెం వదిలేసింది. అందరం మెట్ల మీద పడ్డాం. రాముణ్ణి పిన్ని లాగింది, చెట్టియారుని నేను లాగాను. అమ్మ పైట కొంగు పైకెత్తి గొడుగు పట్టింది, కానీ చెట్టియారమ్మకి అప్పటికే ముక్కుపుడక జారింది, దాని వెనకే ముక్కు జారింది. అమ్మ ఎత్తబోతే చెయ్యి ఊడి చేతిలోకొచ్చింది. రెండు నిమిషాల్లో మిగిలింది పసుపూ ఎరుపూ కలిసిన మట్టి ముద్ద.

"వాన తగ్గినాక వచ్చి చూస్తా సార్" అని ఏకాంబరం, అంత హడావిడిలోనూ గిన్నె కడిగిపెట్టి వెళ్ళిపోయాడు. మంచి మనిషి.

"విరిగిన బొమ్మని నీళ్ళలో కలపాలక్కా" అంది పిన్ని మెల్లగా.

"ఇంక కలిపేదానికేముంది? నీళ్ళే ఇంటికొచ్చి కలుపుకోని పాయె" అంది అమ్మ. అని, ఆ ముద్దని పాత జాకెట్టు గుడ్డలో చుట్టింది. వెనక వాకిట్లోకి పోయి ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ జాబితాలో మేస్త్రీ రాకడ ఎందుకు చేర్చలేదో మన పెద్దలు. రోజూ ఫోను చేశాను.

"వానలో ఈ పని చెయ్యకూడదు సార్. తడి ఆరాల."

"ఆరితే కారదు కదా, ఎక్కడ కారతా ఉండాదో ఎట్ల తెలుస్తాది?"

"అదే సార్ ఈ పనిలో కష్టం."

కోపం పట్టలేక సామ్యేలన్నకి ఫోను చేశాను. "అన్నా, మీ మిద్దె ఎట్లుండాది?"

"కారతా ఉండాది తమ్ముడూ. బక్కెట్లు పెట్టినాము."

"మరి నాకు ఒక్క చుక్క లేదని చూపించినారే!"

"నువ్వు మే నెల్లో అడిగితివి కదా. మే నెల్లో కారలేదు కదా!"

ఫోను పెట్టేసి ఏకాంబరం రివ్యూలు మళ్ళీ తెరిచాను. ఈసారి నక్షత్రాలు కాదు, వాటి కింద బుల్లి అక్షరాల్లో ఉండే నెలలు చూశాను. ఏప్రిల్. మే. మే. జూన్. ఏప్రిల్. ఒక్క ఏడాది కాదు, అన్ని ఏళ్ళూ. అందరూ గుమ్మడికాయ కొట్టిన రోజున, జాంగ్రీ నోట్లో ఉండగా రాసినవి. నవంబరులో రాసింది ఒకే ఒక్కటి. అది ఏదో మీకు చెప్పనక్కర్లేదు.

మరి కారినవాళ్ళు తర్వాత వచ్చి ఎందుకు తిట్టలేదు? దానికి జవాబు నవంబరు నడిమిలో మా గుమ్మంలోకి నడిచొచ్చింది. గడియ తీసేటప్పటికి నేను నోటినిండా తిట్లు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఎదురుగా నల్ల పంచె, మెడలో తులసిమాల, కాళ్ళకి చెప్పుల్లేని ఏకాంబరం.

"సామి శరణం" అన్నాడు.

"సామియే శరణం" అంది నా వెనకనుంచి అమ్మ, నా నోటిలో తిట్లు నోట్లోనే ఉండగా. "లోపలికి రా సామీ. రేయ్ శీనా, సామికి కాళ్ళకి నీళ్ళియ్యి."

ఇచ్చానండీ. నా చెట్టియారమ్మని కరిగించిన పెద్దమనిషికి చెంబుతో నీళ్ళిచ్చాను. పీట వేశాను. అమ్మ అరటాకులో వడ్డించింది. పక్కన బక్కెట్లోకి మిద్దెనుంచి టప్ టప్ మని తాళం.

"సామీ..." అన్నాను పళ్ళు కొరుకుతూ, "ఆ మూల సంగతి."

"అంతా ఆయన చూసుకుంటాడు సామీ" అని పైకి చూపించాడు. పైకి చూస్తే కారుతున్న కప్పే కనిపించింది.

ఆయన పోయాక రివ్యూ మార్చబోతుంటే అమ్మ ఫోను లాక్కుంది. "మాలేసుకోని ఉండే సామిని తిడతావా? కళ్ళు పోతాయి." సామ్యేలన్నదీ అదే బాధట. "ఈడికీ అట్లనే వచ్చినాడు తమ్ముడూ. మేము చర్చికి పోయేవాళ్ళమే, అయినా మాలేసినోణ్ణి ఎట్ల తిట్టేది చెప్పు?"

మాల దించేసరికి పొంగలి పండగ దాటింది, వానలు వెళ్ళిపోయాయి. ఏకాంబరం మళ్ళీ వచ్చి, అడక్కుండానే కప్పుకి రెండు పూతలు సున్నం కొట్టి, అమ్మ కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు. ఇక ఏ మొహంతో తిట్టను? ఇంకో సంగతి కూడా ఉంది, దాచడమెందుకు. రివ్యూ మారిస్తే, దొంగ రివ్యూల పండితుడు మోసపోయాడని నలుగురికీ తెలుస్తుంది. కాబట్టి నా ఐదు నక్షత్రాలూ అక్కడే వెలుగుతూ ఉండిపోయాయి.

మే నెల వచ్చింది. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. హెల్మెట్ చేత్తో పట్టుకుని, చెమటతో తడిసి ముద్దయిన మనిషి, తండయార్‌పేట నుంచట.

"శీను సార్ మీరేనా? ఏకాంబరం మేస్త్రీకి రివ్యూ రాసినారు కదా? మేస్త్రీనే మీ అడ్రసు అడిగి, ఆ రివ్యూ నిజమా కాదా అని చూసిపోదామని వచ్చినా. నన్ను మోసం చెయ్యడం శానా కష్టం సార్."

ఆ గొంతులో నా గొంతు వినిపించింది. లోపలికి తీసుకొచ్చాను. ఆయన తలెత్తి కప్పు చూశాడు. నేనూ చూశాను. తెల్లగా మెరిసిపోతోంది. నా నోరు, నేను చెప్పకుండానే, దాని పని అది చేసేసింది.

"చూడండి, ఒక్క చుక్క లేదు."

ఆయన తృప్తిగా తల ఊపాడు. అప్పుడు లోపలి నుంచి అమ్మ వచ్చింది. ఒక చేతిలో మజ్జిగ గ్లాసు. ఇంకో చేతిలో పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన మట్టి ముద్ద. రెండూ ఆయన ముందు పెట్టింది.

"ఇదేంది మామీ?"

"చెట్టియారమ్మ" అంది అమ్మ. "ఈమెను గూడా చూపించు రా శీనా ఆ బిడ్డకి. నీ రివ్యూలో ఈమె లేదు కదా."

తల కొట్టేసినట్టయింది. మొదటినుంచీ చివరిదాకా అంతా చెప్పాను, ఎన్నూరు మజ్జిగతో సహా. చెప్పి, ఆయన ఎదురుగానే ఫోను తీసి, ఓడనీ వైద్యుణ్ణీ చెరిపేసి, నాలుగు నక్షత్రాలు పీకేశాను. ఏం రాయాలా అని ఎంతసేపు ఆలోచించినా నాకు తట్టింది మూడు మాటలే. అవే రాశాను. "వాన రానీ, మాట్లాడదాం."

ఆయన తన ఫోన్లో చూసుకుని తల గోక్కున్నాడు.

"ఇట్లాంటిదే అడుగున ఇంకోటి ఉండాది సార్. పోటీ మేస్త్రీ ఎవురో రాసుంటాడని వదిలేసినా."

"నేనూ అట్లనే వదిలేసినా."

"చూసేవాళ్ళు ఇంక పోటీ మేస్త్రీలు ఇద్దరుండారు అనుకుంటారు సార్" అని, మజ్జిగ తాగేసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మా వీధిలో ఎవరి మిద్దె కారలేదో వానల్లోనే ఇంటింటికీ పోయి కనుక్కుని పెట్టుకుందట అమ్మ. ఆ మిద్దె బాగుచేసిన మేస్త్రీ వచ్చి మాదీ చేసిపోయాడు. బాగా చేశాడా అని అడక్కండి, ఇది ఇంకా మే నెలే.

కాబట్టి, పెళ్ళాన్ని పోగొట్టుకుని పెట్టెలో ఒంటరిగా పడుకున్న చెట్టియారు సాక్షిగా, ఆయన ముందుండే పెసలు, కందులు, బెల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎండలో రాసిన మాట నమ్మను, వాన చూడని మిద్దెకి నక్షత్రమివ్వను, జాంగ్రీ నమిలే నోటితో ఎవరినీ పొగడను. ఇది చదివి బాగుందనిపిస్తే సంతోషం. మీ నక్షత్రాలు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. వాన రానీ, మాట్లాడదాం.